స్త్రీకి హద్దు గీచినది మతమా? ఆచారమా?

“ఉద్యోగం పురుష లక్షణం” అను నానుడి తెలుగునాట విననివారుండరు. సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. తెలుగులో ఆ పదమునకు ‘కొలువు’ అను అర్థము స్థిరపడిన పిదప నానుడి తాత్పర్యమును మారిపోయెను. నెలజీతము తెచ్చుట మగవాని గుర్తనియు, ఆ జీతముతో ఇల్లు దిద్దుకొనుట ఆడుదాని గుర్తనియు దానికి అర్థము చెప్పుకొనుట అలవాటయ్యెను. ఇట్టిదే మరియొక మాట కలదు: ఆడపిల్ల ‘ఆడ’ పిల్లయే గాని ‘ఈడ’ పిల్ల కాదు. మొదటి నానుడి స్త్రీని కచేరీ గుమ్మమునకు వెలుపల నిలిపినది. రెండవది పుట్టింటి పొలముగట్టునకు వెలుపల నిలిపినది.

స్త్రీ ఇట్టిది, పురుషుడిట్టివాడు అని ముందుగనే యొక మూస చేసి, పుట్టిన ప్రతి బిడ్డను అందులో పోయుట తెలుగువారికి మాత్రమే పరిమితమైన దోషము కాదు. అది లోకమంతటను కలదు. ఈ మూసను చేసినదెవరు అని అడిగినచో రెండు సమాధానములు వినవచ్చును. మతమే చేసినదని కొందరందురు. మతము నిర్మలమైనదే, నడుమ వచ్చిన ఆచారము దానిని చెరిపినదని మరికొందరందురు. వింత యేమనగా, పరమతమును గూర్చి మాటలాడునపుడు మొదటి సమాధానమును, స్వమతమును గూర్చి మాటలాడునపుడు రెండవదానిని చెప్పుట పరిపాటియై యున్నది.

ఈ వివాదమును తీర్చుటకు చరిత్ర యొక పరీక్షను చూపుచున్నది. మూసను చేసినది మతమే యైనచో, ఒక మతమువారందరిలో స్త్రీల స్థానము ఎల్ల ప్రాంతములందును ఇంచుమించు ఒక్కటిగా నుండవలెను. ఒకే ఊరిలోని వేర్వేరు మతములవారిలో వేర్వేరుగా నుండవలెను. ఆచారమే చేసినదైనచో దీనికి విపర్యయముగా నుండవలెను. పరీక్షకు ఆస్తి పంపకమును గైకొనుట మేలు. స్త్రీని దేవతయని పొగడుటకు ఖర్చు లేదు. తండ్రి పోయిన పిదప పొలము ఎవరి పేర వ్రాయబడినదో చూచినచో ఆ యింట ఆమె స్థానమేదో నిక్కముగ తెలియును. పైగా ఈ విషయమై చట్టములును తీర్పులును తేదీలతో సహా నిలిచియున్నవి.

మొదట మలబారునకు పోవుదము. అచ్చటి నాయర్లలో మరుమక్కత్తాయమను పద్ధతి యుండెను. మరుమక్కలనగా మేనల్లుండ్రు, మేనకోడండ్రు. బిడ్డలు తల్లి యింటికి, అనగా తల్లి తరవాడునకు చెందుదురు. తరవాడు ఆస్తి స్త్రీల పరంపరనుబట్టి దిగివచ్చును. పెండ్లియైన స్త్రీ అత్తవారింటికి పోదు. భర్తయే రాత్రులందు ఆమె యింటికి వచ్చిపోవును. ఆ సంబంధము పొసగనిచో విడిపోవుట ఆమెకు అపకీర్తి కాదు. భర్త మరణించినను ఆమె అన్నవస్త్రములకు లోటు లేదు. తల గొరిగించుకొన పని లేదు. ఆడబిడ్డ పుట్టనిచో తరవాడు అంతరించును గావున అచ్చట ఆడపిల్ల ‘ఈడ’ పిల్లయే. మగపిల్లవాని సంతానమే ‘ఆడ’ సంతానము.

అదే ప్రాంతమున దేవాలయములకు అధికారులై యుండిన నంబూదిరి బ్రాహ్మణుల కథ వేరు. వారిలో ఆస్తి తండ్రినుండి కుమారునకు సంక్రమించును. భూమి చీలిపోకుండుటకై జ్యేష్ఠపుత్రుడు మాత్రమే స్వకులమున వివాహమాడుట, తక్కిన కుమారులు నాయరు మున్నగు కుటుంబముల స్త్రీలతో సంబంధము నెరపుట నియమమై యుండెను. దాని ఫలితముగా నంబూదిరి కన్యలలో పలువురకు వివాహమే లేకపోయెను. వివాహమైనవారిలో పలువురు సవతుల నడుమ కాపురము చేసిరి. అంతర్జనము, అనగా లోపలి మనిషి, అని వారికి పేరు. వాకిలి దాటవలసివచ్చినచో ఒడలంతయు వస్త్రముతో కప్పుకొని, ఆకుగొడుగు చాటున, దాసిని వెంటబెట్టుకొని నడువవలెను. 1929లో వి. టి. భట్టతిరిప్పాడు తన నాటకమునకు ‘వంటింటినుండి రంగస్థలమునకు’ అను అర్థమిచ్చు పేరు పెట్టుట ఈ చెరను ఉద్దేశించియే. నాయరు స్త్రీయు నంబూదిరి స్త్రీయు కొలిచిన దేవుడొక్కడే, విన్న పురాణములొక్కటే. అయినను వారిని పోసిన మూసలు రెండు. ఇంకను విచిత్రమేమనగా, ఉత్తర మలబారులోని పయ్యన్నూరు గ్రామపు నంబూదిరులు బ్రాహ్మణులై యుండియు మరుమక్కత్తాయమునే అనుసరించిరి.

ఆ ఉత్తర మలబారులోనే మాప్పిళలను ముస్లిములు కలరు. వారిలో పెక్కు కుటుంబములు నాయర్లవలె తరవాడులుగ నుండి, తల్లి వరుసను ఆస్తి పంచుకొనిరి. కన్ననూరును ఏలిన అరక్కల్ వంశము ముస్లిం వంశము. ఆ వంశమున వయసున పెద్దవారెవరో వారే, స్త్రీయైనను పురుషుడైనను, గద్దె నెక్కుట ఆచారము. స్త్రీ యైనచో ఆమెను బీబీ యనిరి. నేడు కేంద్రపాలిత ప్రాంతమైన లక్షద్వీపమున 2011 జనాభా లెక్కలనుబట్టి నూటికి 96 మందికి పైగా ముస్లిములు. అచ్చటను తల్లి వరుసయే. ఆ ద్వీపవాసులు ఆస్తిని రెండుగ విభజించి చెప్పుకొందురు. తరవాడునకు చెందిన పూర్వార్జితము ‘శుక్రవారపు సొత్తు’. అది తల్లి పరంపరలో పోవును. స్వార్జితము ‘సోమవారపు సొత్తు’. అది షరియతు ప్రకారము పంచబడును. ఒకే మనిషి ఆస్తిలో సగము ఆచారమునకు, సగము మతమునకు లోబడి, రెండును కలహింపక శతాబ్దములు గడిచినవి. సామాజిక శాస్త్రవేత్త లీలా దూబే కల్పేని ద్వీపమునందలి ఈ జీవితమును పరిశీలించి 1969లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

ఇక ఈశాన్యమున ఖాసీ కొండలు. అచ్చటను బిడ్డలు తల్లి వంశమునకే చెందుదురు. పూర్వుల యిల్లు కడపటి కుమార్తెకు చెందును. 1841లో వేల్సు దేశపు మిషనరీలు చిరపుంజికి వచ్చిరి. నేడు మేఘాలయ జనులలో నాలుగింట మూడు వంతులమంది ఇంచుమించుగ క్రైస్తవులు. దేవుడు మారెను, పాటలు మారెను, కాని క్రైస్తవ ఖాసీ కుటుంబములందును కడపటి కుమార్తెయే నేటికిని ఇల్లు నిలుపుచున్నది.

అదే క్రైస్తవ మతము తిరువాన్కూరులో ఎట్లుండెనో చూడుడు. సిరియన్ క్రైస్తవుల యిండ్లలో కుమార్తెకు పెండ్లినాడిచ్చిన స్త్రీధనముతో ఋణము తీరినట్లే. ఈ ఆచారమును 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టము స్థిరపరచెను. దాని ప్రకారము కుమార్తెకు దక్కునది కుమారుని వాటాలో నాల్గవ వంతు, లేదా 5,000 రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువయో అది. స్త్రీధనము పుచ్చుకొన్న కుమార్తెకు అదియును లేదు. బ్రిటిషిండియాలోని క్రైస్తవులకు వర్తించిన 1925 చట్టములో కొడుకునకు కూతునకు సమభాగమే. మేరీ రాయ్ అను స్త్రీ సుప్రీంకోర్టుకు పోయి పోరాడగా 1986లో తీర్పు వెలువడెను. 1951నుండియే తిరువాన్కూరు చట్టము చెల్లదనియు, కుమార్తెకు సమభాగము కలదనియు న్యాయస్థానము నిర్ణయించెను. షిల్లాంగులోని క్రైస్తవ కన్యయు కొట్టాయములోని క్రైస్తవ కన్యయు చదివిన బైబిలు ఒక్కటే. ఒకతె ఇంటికి యజమానురాలు. రెండవది అయిదువేలకు మించని వాటాదారు.

పంజాబులో మరియొక విచిత్రము. ఖురాను కుమార్తెకు కుమారుని వాటాలో సగము నిశ్చయముగ విధించెను. భార్యకును తల్లికిని భాగములు నిర్ణయించెను. అయినను పంజాబు ముస్లిం భూస్వాముల కుటుంబములలో కుమార్తెకు సెంటు భూమియు దక్కలేదు. 1872 నాటి పంజాబు చట్టము వారసత్వాది విషయములందు ఆచారమునకే అగ్రస్థానమిచ్చెను. ఆ ఆచారము హిందూ జాటునకు, సిక్కు జాటునకు, ముస్లిం జాటునకు ఇంచుమించు ఒక్కటే: భూమి ఊరు దాటిపోరాదు. విధవ భూమితో వేరొక యింటికి పోకుండుటకై ఆమెను మరిదికో బావకో కట్టబెట్టు ‘కరేవా’ పద్ధతియు ఆ పట్టునుండి పుట్టినదే. 1937 నాటి షరియతు చట్టము ఆచారమును త్రోసి మతశాస్త్రమును నిలిపెను. దానిని కోరినవారిలో మతపండితులును కలరు. స్త్రీల సంఘములును కలవు. కాని ఆ చట్టమునుండియు వ్యవసాయ భూమిని మినహాయించిరి. ఎచ్చట నిజమైన ఆస్తి యున్నదో అచ్చటికి మతమును రానీయలేదు.

ఈ ప్రాంతములను చుట్టివచ్చిన పిదప పరీక్షాఫలితము తేటపడుచున్నది. మతమొక్కటియైనచోట మూసలు వేరు. మతములు వేరైనచోట మూస యొక్కటి. ఈ ఆచారములు పుట్టిన కారణములను గూర్చి పండితులలో భేదములున్నను, ఒక సూత్రము మాత్రము పలుచోట్ల కనబడును. భూమి యెట్లు నిలుచును, ఇంట పనిచేయు చేతులు ఎవరివి, వృద్ధులకు కూడు పెట్టువారెవరు అను ప్రశ్నలకు ఆ ప్రాంతమువారు ఒక సమాధానము కనుగొనిరి. ఆ సమాధానమే కాలక్రమమున ‘స్త్రీ ధర్మ’మయ్యెను.

మన తెలుగుదేశమునందును ఇందుకు నిదర్శనములు కలవు. కొడుకులు లేని రైతు అల్లుని ఇల్లరికము తెచ్చుకొనెను. రెడ్డి, కమ్మ కుటుంబములందలి ఈ ఇల్లటపు అల్లునకు కొడుకుతో సమానమైన భాగము కలదని మదరాసు న్యాయస్థానములు ఒప్పుకొనెను. అందుకు ధర్మశాస్త్రము ఆధారము గాదు, రుజువైన ఆచారమే ఆధారము. సేద్యమునకు చేయి కావలసివచ్చినప్పుడు ‘ఆడ’ పిల్ల ‘ఈడ’ పిల్ల యయ్యెను. సింహళమునందలి క్యాండీ ప్రాంతపు బౌద్ధులలోను ఇట్టిదే కలదు. భర్త వచ్చి భార్య యింట నుండు ‘బిన్న’ వివాహమున ఆమెకు పుట్టింటి భూమిపై హక్కు నిలిచెను. ఆమె భర్త యింటికి పోవు ‘దీగ’ వివాహమున ఆ హక్కు పోయెను. వితంతువుల విషయమును అట్టిదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిపించిన వితంతు వివాహము పెద్ద అలజడి పుట్టించెను. కాని అదే గోదావరి తీరమున కాయకష్టము చేసుకొను పెక్కు కులములలో ‘మారుమనువు’ ఏ అలజడియు లేక తరతరములుగ జరుగుచునే యుండెను. వారును హిందువులే. మారుమనువు మానుట పెద్దరికమునకు గుర్తని తలచి, ధనము కలిగిన కొలది ఆ కులములలో కొన్ని కుటుంబములు దానిని మానుకొనెను. ఇది మతమా? పరువా?

అట్లని మతమును పూర్తిగ విడిచిపెట్టుట న్యాయము గాదు. ఆచారము మూస చేసినచో మతము దానిపై ముద్ర వేసెను. ముద్ర పడని ఆచారమును ‘మా తాతలు చేసిరి, మేము మానితిమి’ అని విడువవచ్చును. ముద్ర పడినదానిని విడుచుట పాపమగును. స్త్రీని బాల్యమున తండ్రియు, యౌవనమున భర్తయు, వార్ధక్యమున కుమారులును రక్షింపవలెనన్న మనుస్మృతి విధిని ఆమెకు స్వాతంత్ర్యమే లేదన్నట్లు చెప్పుకొనిరి. ఆ మనువే స్త్రీధనమును ఆరు విధములుగ లెక్కించి ఆమె సొత్తును నిర్ణయించెనన్నది జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు తక్కువ. పిండము పెట్టువాడు కొడుకు గావున ఆస్తియు కొడుకునకే యని వాదించిరి. వంగదేశపు జీమూతవాహనుడు తన దాయభాగమున వారసత్వమును పిండదానముతో ముడిపెట్టెను. అయినను ఆ దాయభాగమే, కొడుకులు లేక మరణించినవాని భాగము ఉమ్మడి కుటుంబమునందైనను అతని భార్యకు దక్కవలెనని చెప్పెను.

కల్యాణ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కొలువున నుండిన విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర తెలుగువారి పంపకములనేలిన గ్రంథము. స్త్రీకి వారసత్వముగ వచ్చినదియు స్త్రీధనమే యని అతడు విశాలముగ వ్యాఖ్యానించెను. కాని 19వ శతాబ్దపు ప్రీవీ కౌన్సిలు ఆ వ్యాఖ్యను కుదించి, భర్తనుండి విధవకు వచ్చిన ఆస్తి ఆమె జీవితకాలపు అనుభవమునకే గాని అమ్ముకొనుటకు గాదని తేల్చెను. బొంబాయి రాజధానిలో తండ్రి ఆస్తి దక్కిన కుమార్తెకు దానిపై సంపూర్ణాధికారము, మదరాసులో పరిమితాధికారము. గ్రంథమొక్కటే, చదివిన కచేరీలు వేరు. 1868లో రామనాథపురము జమీందారీ దత్తత వ్యాజ్యెమున ఆ ప్రీవీ కౌన్సిలే స్పష్టముగ రుజువైన ఆచారము శాస్త్రవచనముకంటె బలవత్తరమని నిర్ణయించెను. శాస్త్రమును ఆచారమును కలహించినచో గెలుపెవరిదో ఆ తీర్పు చెప్పక చెప్పినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తల్లి వరుసయున్నచోట స్త్రీ రాజ్యము చేసినదని తలపరాదు. నాయరు తరవాడునకు కర్త కారణవరు, అనగా పెద్ద మేనమామ. ఖాసీల గ్రామ దర్బారులో పూర్వము స్త్రీలకు చోటు లేదు. పేరు స్త్రీది, పెత్తనము పురుషునిది. పెత్తనము నిజముగ స్త్రీకి వచ్చినచోట దానికి పురుషవేషము వేసిరి. 13వ శతాబ్దమున ఓరుగల్లు నేలిన కాకతి రుద్రమదేవి శాసనములలో ‘రుద్రదేవ మహారాజు’గ కానవచ్చును. మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఆమె న్యాయపాలనను మెచ్చుకొనెను. ప్రజలకు ఆమె పాలన నచ్చినది. కాని ‘రాజు’ అను మూసలో స్త్రీనామము ఇమడలేదు.

ఆచారము ఇంత బలమైనదైనచో దానిని మార్చు శక్తి దేనికి కలదు? మన రాజ్యాంగయుగము చట్టమునకు ఆ పని నప్పగించినది. 1937లో హిందూ విధవకు భర్త ఆస్తిలో కొడుకుతోపాటు భాగమిచ్చిరి. అదియు జీవితకాలపు అనుభవమే. 1941లో బి. ఎన్. రావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1944లో మరల నియమింపబడి హిందూ స్మృతి ముసాయిదాను సిద్ధపరచెను. పార్లమెంటులో దానిని నడిపిన డాక్టరు అంబేడ్కరు, అది ముందుకు సాగకపోవుట ముఖ్యకారణములలో నొకటిగ, 1951లో మంత్రిపదవికి రాజీనామా నిచ్చిరి. మన రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయి కుమార్తెల హక్కులను బలపరచినవారిలో నొకరు. ‘మతమునకు ముప్పు వచ్చెను’ అని ఎదిరించినవారి ఉపన్యాసములను ఓపికతో చదివినచో, మతము తరువాతి వాక్యములోనే పొలము వచ్చును: భూమి తునకలగును, అల్లుడు వచ్చి కూర్చుండును, అన్నచెల్లెండ్రు కోర్టుకెక్కుదురు. పంజాబు ముస్లిం భూస్వామి భయమును ఇదియే. ఈ ఒక్క విషయమున మతసామరస్యము సంపూర్ణముగ నుండెను!

1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ యొక్క పరిమితాధికారమును సంపూర్ణాధికారముగ మార్చెను. తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగమిచ్చెను. కాని ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును కొడుకులకే యుంచెను. ఆ లోటును తీర్చుటకు కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దుచేసెను. కుమార్తెను కొడుకుతోపాటు సహభాగస్వామినిగ మొదట చేసినది ఆంధ్రప్రదేశము. 1985 సెప్టెంబరు 5నుండి అమలులోనికి వచ్చిన ఆ సవరణను తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను అనుసరించెను. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయము. అయినను ఆ చట్టమునందే ఒక మడత కలదు: అప్పటికే పెండ్లియైన కుమార్తెకు ఆ హక్కు లేదు. అనగా పాత నానుడి చట్టములోనికి దూరి కూర్చున్నది. పెండ్లితో ఆమె ‘ఆడ’ పిల్ల యైపోయెను. 2005 సెప్టెంబరు 9నుండి అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను. ఆ నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదనియు, హక్కు పుట్టుకతోనే వచ్చినదనియు 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ వ్యాజ్యెమున స్పష్టపరచెను.

హక్కు వచ్చినది. ఆస్తి వచ్చినదా? పుట్టింటివారు తెచ్చిన హక్కు విడుదల పత్రముపై సంతకము చేయుట ‘మంచి ఆడపడుచు’ లక్షణమని నేటికిని మన యిండ్లలో చెప్పుకొనుచున్నారు. వాటా అడిగినచో పండుగకు పిలుపు రాదేమో, తనకు కష్టము వచ్చినపుడు అన్న వాకిలి మూసుకొనునేమో అను భయము ఆమె చేత సంతకము పెట్టించుచున్నది. ‘పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి కదా’, ‘కట్నమిచ్చితిమి కదా’ అని సమాధానము చెప్పుదురు. 1961లోనే నిషేధింపబడిన కట్నమును చట్టము ఇచ్చిన వాటాకు బదులుగ లెక్కించుట ఎంతటి విపరీతము! ఈ పత్రముపై ఏ మతగ్రంథమును సంతకము చేయుమనలేదు.

ఇంతవరకు రెండవ నానుడిని గూర్చి చెప్పుకొంటిమి. మొదటిదియైన ‘ఉద్యోగం పురుష లక్షణం’ మన కచేరీలకే సంబంధించినది. మూసలను చేయుటకు మతముగాని పురాతనాచారముగాని ఉండి తీరవలెనన్న నియమము లేదని కచేరీల చరిత్రయే చాటుచున్నది. ఉద్యోగములలో లింగభేదము కూడదని 1950 నాటి రాజ్యాంగము 16వ అధికరణములో శాసించెను. నాలుగేండ్లకే, 1954 నాటి ఐ.ఎ.ఎస్. నియామక నిబంధనలలో, వివాహితయైన స్త్రీకి ఉద్యోగము హక్కు కాదనియు, ఉద్యోగిని వివాహమాడినచో సర్వీసు సామర్థ్యము కొరకు ఆమెను రాజీనామా కోరవచ్చుననియు వ్రాసికొంటిమి. 1972లో గాని ఆ నిబంధన పోలేదు. పరీక్ష నెగ్గి విదేశాంగ సర్వీసున 1949లో చేరిన మొదటి మహిళ సి. బి. ముత్తమ్మ అట్టి నిబంధనలపై సుప్రీంకోర్టుకు పోగా, 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరు వాటిని తీవ్రముగ నిరసించిరి. వివాహము ఉద్యోగినికి అడ్డయినచో ఉద్యోగికి ఏల కాదని ఆ తీర్పునందలి ప్రశ్న. ఈ నిబంధన వేదములనుండి రాలేదు, ఖురానునుండి రాలేదు, మన పల్లెల ఆచారమునుండియు రాలేదు. బ్రిటిషువారి సివిలు సర్వీసులో వివాహితలపై నుండిన నిషేధమునకు ఇది చుట్టము. వారు స్వదేశపు సర్వీసులో దానిని 1946లోనే తొలగించిరి. వారు విడిచినదానిని మనము ధరించితిమి.

2020లో సైన్యమున స్త్రీలకు శాశ్వత కమిషనును గూర్చిన వ్యాజ్యెమున, గ్రామములనుండి వచ్చిన సిపాయిలు స్త్రీ ఆజ్ఞలను స్వీకరించుటకు మానసికముగ సిద్ధముగ లేరను వాదమును ప్రభుత్వపక్షమున వినిపించిరి. న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చెను. ఒకని దురభిప్రాయము మరియొకరి హక్కును హరింపదగినంత గౌరవనీయమైనది కాదని ఆ తీర్పు సారము.

ఇంకను సమీపమున నున్న నిదర్శనము మన సెలవు నిబంధనల పుస్తకము. 2008నుండి కేంద్రప్రభుత్వ ఉద్యోగినికి శిశుసంరక్షణ సెలవు సర్వీసు మొత్తమునకు 730 దినములు కలదు. ఇది గొప్ప మేలు. ఎందరో తల్లులను ఉద్యోగమున నిలిపినది. తండ్రికి 1997నుండి ఉన్నది 15 దినములు. భార్య లేక ఒంటరిగ బిడ్డను పెంచు ఉద్యోగికి 2018లో శిశుసంరక్షణ సెలవును విస్తరించిరి. అనగా తల్లి లేనప్పుడే తండ్రికి బిడ్డను పెంచు బాధ్యత కలుగునని మన నిబంధన పరోక్షముగ చెప్పుచున్నది. స్త్రీకి మేలు చేయు నిబంధనయు మూసను గట్టిపరచగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వెదుకనక్కరలేదు. ఈ మూస పురుషుని సైతము బంధించుచున్నది. జ్వరముతో నున్న బిడ్డకొరకు సెలవడిగిన తండ్రిని ‘ఇంట్లో ఆవిడ లేదా?’ అని అడుగని కచేరీ యెచ్చట కలదు?

కావున మతమా, ఆచారమా అను ప్రశ్నకు చరిత్ర ఇచ్చు సమాధానమిది. మూసను చేయునది ఆచారము. దానికి మూలము భూమి, కూడు, పరువు. దానికి ముద్ర వేయునది మతము. ఆ ముద్రనే మార్చి, స్త్రీకి అనుకూలముగ వేసిన సందర్భములును కలవు: పరాశరస్మృతి చేతబట్టిన విద్యాసాగరుడు, ఖురానులోని భాగమును కోరిన 1937 నాటి ముస్లిం స్త్రీలు అట్టివారు. మతమును ఆచారమును లేనిచోటను కచేరీ తనంతట తానే మూస చేయగలదు.

ఈ సమాధానము కొందరికి నిరాశ కలిగింపవచ్చును. నిజమునకు ఇది ఆశ కలిగించునది. దైవాజ్ఞ యైనదానిని మార్చుటకు మనుష్యుడు జంకును. మన తాతలు పొలము కొరకు చేసికొన్న ఏర్పాటును, మన పూర్వోద్యోగులు ఫైలుపై వ్రాసిన నిబంధనను మార్చుటకు జంకనక్కరలేదు. మాతృభూమికి దూరముగ నున్న మన తెలుగు కుటుంబములు భాషను, పండుగలను, పిండివంటలను భద్రముగ తెచ్చుకొన్నవి. వాటితోపాటు ఈ రెండు నానుడులును మూటలో వచ్చినవి. పిల్లలకు ఏది అందింపవలెనో, ఏది మూటలోనే విడువవలెనో ఏరుకొనుట మన చేతిలోని పని. హక్కు విడుదల పత్రము మన యింటికి వచ్చిననాడు, తండ్రి యొకడు సెలవు చీటీ మన బల్లపై పెట్టిననాడు, మనము చేయు సంతకమే ఆ ఎన్నికను తేల్చును.